రెండో డోసు సంగతి

చిన్నీ,

తట్టుతో ఒక బాబు మీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో పిల్లల వార్డుకు వచ్చాడనీ, తట్టు టీకా రెండో డోసు మీలో ఎవరెవరు వేయించుకున్నారని ప్రొఫెసర్ అడిగితే సగం మంది ముఖాలు చూసుకున్నారనీ నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు.

నీ సంగతి నాకు తెలుసు. 2004లో నువ్వు పుట్టినప్పుడు ప్రభుత్వం వేసేది తొమ్మిది నెలలు నిండాక ఒక్క డోసే. అంత చిన్న వయసులో వేస్తే వందలో 85 మందికే పనిచేస్తుంది. రెండో డోసు 2010లో గానీ మొదలు కాలేదు, అప్పటికి నువ్వు బడికి వెళ్తున్నావు. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా వేశాం కదా, నీ రెండో డోసు అదే. ఆ సూది వేస్తే పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో చదివి బడి మాన్పించినవాళ్లనూ చూశాను. ఆ పిల్లల్లో ఇప్పుడు డాక్టరు చదువుతున్నవాళ్లు లేరంటావా?

నీ స్నేహితులను ఇళ్లకు ఫోన్ చేసి టీకా కార్డు ఫొటో తెప్పించుకోమను. కార్డు దొరకకపోతే వేయించుకోవాలి, అంతే. ఇదివరకే వేయించుకుని ఉన్నా నష్టం లేదు. రోగి దగ్గరికి వెళ్లిన 72 గంటల్లోపు వేయించుకుంటే జబ్బు రాకుండా ఆగవచ్చు, కాబట్టి ఆదివారం దాకా చూద్దామనుకోవద్దు. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది. టీకా వయసు రాని పసిబిడ్డకు మీ చేతుల మీదుగా అంటితే ఎవరిని అడగాలి?

ఇక నీ చదువు. ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుందని గడగడా అప్పజెబుతావు. టీకా పొడిలో ద్రావకం కలిపాక సీసా ఎంతసేపు వాడవచ్చో అడిగితే తడుముకున్నావు. నాలుగు గంటలు! అందుకే కలిపిన సమయం సీసా మీదే రాస్తాను. ఒక్క బిడ్డే వచ్చినా సీసా తెరవాలి, మిగతా డోసులు వృథా అవుతాయని తల్లిని తిప్పి పంపకూడదు. టీకాతో వచ్చిన ద్రావకమే కలపాలి. 2018లో పసిఫిక్ ద్వీప దేశం సమోవాలో దానికి బదులు ఆపరేషన్లలో కండరాలను సడలించే మందు కలిపితే ఇద్దరు పసివాళ్లు పోయారు. జనం టీకా అంటేనే భయపడ్డారు. మరుసటి ఏడాది తట్టు వచ్చి 83 మందిని తీసుకుపోయింది, ఎక్కువమంది పసిపిల్లలే.

సెలవు దొరికితే శనివారం ఉదయానికల్లా రా, మా ఆరోగ్య సబ్‌సెంటరులో టీకాల రోజు. కార్డులు నువ్వు రాద్దువుగాని. వచ్చేటప్పుడు ఎవరెవరి ఇళ్ల నుంచి కార్డులు రాలేదో రాసుకుని తీసుకురా.

అమ్మ