తీరంలోని పాత బంకర్లు చూడబోయే వారికి

అందరికీ నమస్కారం. యుద్ధకాలపు తీర రక్షణ కట్టడాలు చూడాలనుకునే వాళ్లు ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీతో మొదలుపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నార్వే నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా కట్టిన తీర రక్షణ వరుస అట్లాంటిక్ వాల్‌లో అక్కడి తీరం భాగం. అక్కడ లాంగ్-సుర్-మేర్‌లో ఫిరంగులు ఇప్పటికీ తమ కాంక్రీటు గూళ్లలోనే ఉన్నాయి.

నార్మండీలోనే ఒమాహా బీచ్ చివర వీర్‌విల్ దగ్గరున్న బంకరు మాత్రం వదలకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. దాని ఫిరంగి కన్నం సముద్రం వైపు కాదు, తీరం పొడవునా చూస్తుంది. సముద్రం వైపు మందపాటి గోడ ఉండటంతో నౌకల నుంచి పేల్చే గుండ్లు లోపలి ఫిరంగికి తగలడం కష్టం. 1944 జూన్ 6న జర్మన్ల మీద దాడికి ఇసుకలో దిగిన అమెరికా సైనికులను మాత్రం అది పక్క నుంచి కొట్టగలిగింది. అక్కడే నిలబడి ఆ కోణం చూస్తే అంతమంది ప్రాణాలు ఎందుకు పోయాయో అర్థమవుతుంది.

ఇంకా పాతవి కావాలంటే నెపోలియన్ దాడి భయంతో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో 1805-1808 మధ్య కట్టిన 74 మార్టెల్లో బురుజులున్నాయి, అంటే గుండ్రటి చిన్న కోటలు. కొన్ని కూలిపోయాయి, కొన్నిటిలో జనం కాపురముంటున్నారు, కాబట్టి అడగకుండా లోపలికి వెళ్లకండి.

టార్చి తీసుకెళ్లండి, పోటు వేళలు ముందే చూసుకోండి. కొండ అంచున నిలబడకండి, అక్కడ నేల కోసుకుపోతుంటుంది. ఇసుకలో తుప్పుపట్టిన గుండులాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.