తెలుగు సందేశాలను మధ్యలో తెంచేస్తున్న మీ నమూనా కోడ్

ఎస్ఎమ్ఎస్ ఏపీఐ సాంకేతిక విభాగం వారికి,

విషయం: కంటెంట్-లెంగ్త్ (పంపే డేటా పొడవు) లెక్క తప్పు, సందేశం వెళ్లకపోయినా 200 (అంతా సరే) జవాబు

అయ్యా,

నోడ్ జేఎస్ (సర్వర్లలో జావాస్క్రిప్ట్ నడిపేది) నుంచి ఎస్ఎమ్ఎస్ పంపేందుకు మీ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన నమూనా కోడ్ ఇంగ్లీషుకు పనిచేస్తుంది, తెలుగుకు పనిచేయదు. పోస్ట్ రిక్వెస్ట్ హెడర్లలో కంటెంట్-లెంగ్త్‌కు మీరు డేటా.లెంగ్త్ వాడారు. అది అక్షరాల లెక్క. హెచ్‌టీటీపీ అడిగేది బైట్ల లెక్క. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ 3 బైట్లు, దాని మీది గుణింతపు గుర్తుకు విడిగా మరో 3.

"తెలుగు" అన్న మాటనే తీసుకోండి. కంటికి మూడక్షరాలు, జావాస్క్రిప్ట్‌కు 6, పంపేటప్పుడు 18 బైట్లు. నాలుగు ఇంగ్లీషు అక్షరాల కీతో దాన్ని డేటా పంపే రూపమైన జేసన్‌లో పెడితే, కోట్లూ బ్రాకెట్లూ కలిపి 29 బైట్లు. మీ కోడ్ 17 అని చెబుతుంది. సర్వర్ 17 చదివి ఆపేస్తుంది: "తె" పూర్తిగా అందుతుంది, "ల"లో రెండు బైట్లే అందుతాయి. మిగిలిన 12 బైట్లు కీప్-అలైవ్ (మూయకుండా మళ్లీ వాడుకునే) కనెక్షన్‌లో తర్వాతి రిక్వెస్ట్ ముందు అతుక్కుంటాయి. ఏ తప్పూ లేని ఆ తర్వాతి సందేశానికి 400 (తప్పు రిక్వెస్ట్) రావడానికి కారణం అదే. మీ సపోర్ట్ వారు చెప్పినట్టు మా నెట్‌వర్క్ కాదు. నోడ్ 19 నుంచి కీప్-అలైవ్ డిఫాల్ట్ కాబట్టి ఇది మరింత మందికి తగులుతుంది. అదే జేసన్‌ను రిక్వెస్టులు పంపే కమాండ్ టూల్ కర్ల్‌తో పంపితే చక్కగా వెళ్తోంది, ఎందుకంటే కర్ల్ బైట్లనే లెక్కపెడుతుంది.

నమూనాలో మార్చాల్సింది ఒక్క లైను: డేటా.లెంగ్త్ తీసి బఫర్.బైట్‌లెంగ్త్(డేటా) పెట్టండి.

అంతకంటే పెద్ద తప్పు మీ సర్వర్‌లో ఉంది. సగంలో తెగిన జేసన్‌కు 400 ఇవ్వాలి. మీరు 200 ఇచ్చి, లోపల బాడీలో ఫెయిల్డ్ అని రాస్తున్నారు. ప్రోగ్రామ్ ముందు చూసేది స్టేటస్ కోడ్‌నే. అది సందేశం వెళ్లిందని నమోదు చేసుకుంటుంది, మళ్లీ ప్రయత్నించదు. ఇవి డయాలసిస్ వేళ మారిందని రోగులకు చెప్పే సందేశాలు. అందకపోతే జబ్బు మనిషి ఊరు దాటి వచ్చి ఊరికే తిరిగి వెళ్తాడు.

నమూనా కోడ్ సరిచేయండి, తెగిన జేసన్‌కు 400 ఇవ్వండి. 200 వచ్చి బాడీలో ఫెయిల్డ్ ఉన్న మా సందేశాల జాబితా పంపి, వాటికి కోసిన క్రెడిట్లు తిరిగి జమచేయండి. రిక్వెస్ట్, రెస్పాన్స్ లాగులు జతచేశాం. జవాబు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా కావాలి.

ఇట్లు,
మీ ఏపీఐ ఖాతాదారులు