వేపచెట్టు దగ్గర మన పిల్లలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఉగాది దగ్గరికొచ్చింది. బడి వేపచెట్టు కింద పాత చీర పరిచి, ప్రార్థనకు ముందే ఐదో తరగతి పిల్లలు పువ్వు పడుతున్నారు. పరీక్షల టైంటేబుల్ పిల్లల డైరీల్లో రాయించాం, ఒకసారి చూడండి. ఈసారి ఉత్తరం మాత్రం ఈ చెట్టు గురించే.

2021 మీకు గుర్తుండే ఉంటుంది. కరోనాతో ఏడాదిన్నర మూతపడ్డ ప్రాథమిక తరగతులు సెప్టెంబర్ 1న తెరిచాం. సరిగ్గా ఆ వానాకాలంలోనే తెలంగాణలో వేపచెట్లు పెద్ద ఎత్తున ఎండిపోసాగాయి. ముందు కొమ్మల చివర్లు మాడాయి, తర్వాత కొమ్మలకు కొమ్మలే నిప్పు తగిలినట్టు అయిపోయాయి. ఇది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే తెగులని, రసం పీల్చే టీ దోమ అనే పురుగు కూడా దానికి తోడైందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. చలికాలం వచ్చేసరికి మన చెట్టు మోడులా నిలబడింది.

చూసినవాళ్లంతా కొట్టేయమన్నారు. ఎండిన కొమ్మ విరిగి ఏ పిల్ల మీద పడుతుందోనని నాకూ టెన్షన్. చెట్టు కొట్టే ఆయన్ని పిలిపించాను. ఆయన గొడ్డలి కింద పెట్టి, చేతికందిన కొమ్మను బొటనవేలి గోటితో గీరాడు. బూడిదరంగు పొట్టు లేచింది. దాని కింద లేత పచ్చటి పొర, తడిగా. "లోపల పచ్చగనే ఉంది సార్. ఎండినకాడికి కోస్త, చెట్టు జోలికి పోవద్దు" అన్నాడు. చుట్టూ మూగిన పిల్లలంతా అది కళ్లారా చూశారు. కోసిన కొమ్మల్ని కాల్చేశాం, వ్యవసాయాధికారి చెప్పిన మందు కొట్టించాం.

మర్నాటి నుంచి బడిలో ఏ కొమ్మ చూసినా గోటి గాట్లే! చెట్టుకు అదో కొత్త బాధ అవుతుందని శనివారం ఒక్కరే, ఒక్క కొమ్మే గీరాలని నియమం పెట్టాను. ఆ వివరాలు రాసే నోటుబుక్కు ఒక పిల్లవాడు అడిగి తీసుకున్నాడు. ఆ ఏడే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు. బడి తెరిచాక క్లాసులో నోరు విప్పింది లేదు, మధ్యాహ్నం అన్నం కూడా సగం వదిలేసేవాడు. నోటుబుక్కు మాత్రం ఒక్క శనివారం తప్పలేదు. తేదీ, ఏ వైపు కొమ్మ, 'పచ్చ' లేదా 'ఎండింది'. వరసగా మూడు వారాలు 'ఎండింది' అని రాసిన పేజీ కూడా ఉంది. అయినా నాలుగో వారం మళ్లీ వెళ్లాడు. ఎండలు ముదురుతుండగా ఒక రోజు తనంతట తానే నా గదిలోకి వచ్చి పుస్తకం తెరిచి పెట్టాడు: 'చిగురు – 3'.

వాడి దుఃఖాన్ని చెట్టు తీర్చిందని నేను అనను. ఆ ఇంటి లోటు అలాగే ఉంది. కానీ మేం టీచర్లం ఎన్ని మాటలు చెప్పినా ఇవ్వలేనిది ఏదో వాడికి అక్కడ దొరికింది. తను రోజూ చూసుకునే ప్రాణి ఒకటి బతికింది. అన్నం పూర్తిగా తినడం ఆ తర్వాతే మొదలుపెట్టాడు.

తర్వాతి ఏడాది పిల్లల్ని మన పాలమూరు పిల్లలమర్రికి తీసుకెళ్లాం. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రిని చెదలు తొలిచేసి, కొమ్మలు కూలడం మొదలైతే సందర్శకుల్ని చెట్టు దగ్గరికి రాకుండా ఆపేశారు. 2018లో చెదల మందును ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. అంతకుముందు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయిందట. బరువు కొమ్మల కింద ఆసరాగా కట్టిన దిమ్మెలు చూసి ఒక చిన్నమ్మాయి, "మా నానమ్మ చేతికర్ర లెక్క ఉన్నయ్ సార్" అంది.

అన్నీ ఇలా బతకలేదు. ఒక ఏడు హరితహారంలో నలభై మొక్కలు నాటించాను. వేసవి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారో ఆలోచించలేదు. జూన్‌లో తిరిగొచ్చేసరికి తొమ్మిదే మిగిలాయి. పిల్లలు ఏడ్చారు. తప్పు నాదేనని వాళ్లకు చెప్పాను. ఇప్పుడు ఏటా పన్నెండే నాటుతున్నాం, ఒక్కో మొక్కకు ఇద్దరు పిల్లలు.

అందుకే ఈ వేసవికి మీ సాయం కావాలి. సెలవుల్లో వారానికి రెండు కుటుంబాల చొప్పున, పొద్దున ఎండ ముదరకముందే వచ్చి నీళ్లు పోయాలి. బిందెలు, మగ్గులు బడిలోనే ఉంటాయి. పిల్లవాడి చేతే పోయించండి, బట్టలకు బురదైతే కోప్పడకండి. ఒకవేళ మొక్క చచ్చిపోతే, "పోనీలే, ఇంకోటి కొనిస్తా" అని వెంటనే అనకండి. దాన్ని చూడనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఎందుకు ఎండిందో, నీళ్లు తగ్గాయో, మేక మేసిందో వాళ్లనే కనుక్కోమనండి. ఇంకోటి నాటుదామని వాళ్లే అడుగుతారు. అప్పటిదాకా ఆగండి.

మీకు వీలయ్యే వారం ఏదో ఈ శనివారంలోగా క్లాసు టీచర్‌కు చెప్పండి. వేపపువ్వు పొట్లాలు పండుగ ముందురోజు పిల్లల చేతికి ఇచ్చి పంపిస్తాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయుడు