సెమిలిగుడ ఎలక్ట్రీషియన్ అన్నకి, ఇంకో ఇద్దరికి థాంక్స్

పాత స్కూల్ బస్సు కొని సీట్లు పీకేసి మంచం, పొయ్యిగట్టు పెట్టుకుని పొట్టంగి దగ్గర మావయ్య తోటలో కాపురం పెట్టాం కదా, ఎండాకాలం బానే ఉంది, కానీ కోరాపుట్ చలి సంగతి తెలిసిందే, 1672 మీటర్ల దేవమాలి కొండ పక్కనే, రాత్రయ్యేసరికి రేకంతా ఐసు. అమ్మ రెండు రగ్గులు కప్పుకుని కూడా వణికిపోతోందని డీజిల్ హీటర్ తెప్పించి వీడియోలు చూసి నేనే బిగించేశా (తెలివెక్కువై).

ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతాది, పంపు టిక్ టిక్ అంటాది, తెల్లపొగ కొంచెం వస్తాది, ఆరిపోతాది. మూడు రాత్రులు ఇదే తంతు. డూప్లికేట్ సరుకు అంటగట్టారని తిట్టుకుంటూ వాపస్ పంపడానికి అట్టపెట్టె కూడా వెతికా.

అన్న సాలూరు వైపు మనిషి, లారీల కింద పెరిగినోడు. వచ్చి మీటర్ పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, హీటర్ దగ్గర స్టార్టింగ్‌లో 10కి పడిపోతోంది. డీజిల్‌ని అంటించే గ్లో ప్లగ్గు ఎర్రగా కాగడానికి 10 ఆంపియర్ల దాకా లాగుతాదంట, నేనేమో ఎల్ఈడీ లైట్లకి మిగిలిన సన్నవైరు బస్సు పొడుగునా లాక్కొచ్చా. "దాహమేసినోడికి సిరంజితో నీళ్లు పోస్తే ఎలా తమ్ముడూ" అన్నాడు. లావు కేబుల్ వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు, అంతే, అంటుకుంది.

తర్వాత టార్చి పట్టుకుని బస్సు కిందకి దూరాడు. అప్పటిదాకా నవ్వుతున్నోడు ఒక్కసారి గట్టిగా అరిచాడు. నేను పొగగొట్టం సరిగ్గా అమ్మ పడుకునే కిటికీ కిందే వదిలేశా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే పోతారు, నువ్వేటి చదువుకున్నావు అని చెడామడా. గొట్టం బాడీ అంచు దాటించి, నీరు కారిపోయేలా కిందికి వాలుగా పెట్టి, గాలి పీల్చుకునే గొట్టం అవతలివైపు తిప్పాడు. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం వచ్చేదాకా రాత్రి నిద్రపోయేటప్పుడు ఆపేయమన్నాడు, అదీ బటన్‌తోనే, ఫ్యాన్ తిరిగి చల్లారేదాకా కరెంటు పీకొద్దన్నాడు. నిన్ననే అలారం వచ్చింది, అమ్మ తల దగ్గర బిగించా.

ఫ్లోర్‌కి కన్నాలు కొట్టడానికి డ్రిల్ మిషన్ పంపిన రాయగడ బావకి, నా తెలుగు ఒడియా కలగాపులగం అర్థం చేసుకుని క్లాంపులు వెల్డింగ్ చేసిచ్చిన సెమిలిగుడ కుర్రోడికి కూడా చాలా థాంక్స్.

అన్న కేబుల్ డబ్బులు, పెట్రోల్ డబ్బులే తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా సన్నవైరు మొత్తం చుట్ట చుట్టి బండికి తగిలించుకున్నాడు, ఎందుకన్నా అంటే "నీ దగ్గరుంటే మళ్లీ దేనికో వేస్తావు".