దోసపాదుల గురించి మునికి

తిరుపతి
జనవరి

ఒరే మునీ,

బాగుండావా? చెల్లెమ్మ, పిల్లోళ్ళు బాగుండారా? పాకాల చేన్లో అర ఎకరా దోస పెడతానని రాసినావు, సంతోషం. కానీ "ఏముందిలే, కీరా పెట్టినట్టే కదా" అన్నావు చూడు, ఆడే పట్టుకున్నా నిన్ను. పప్పులో వేసుకునే మన పచ్చటి దోసకాయ కీరాకి తమ్ముడు కాదురా, ఖర్బూజాకి తమ్ముడు. శాస్త్రం లెక్కన దోసా ఖర్బూజా రెండూ ఒకటే జాతి, కుకుమిస్ మెలో. వీటికి 12 జతల క్రోమోజోములు, కీరాకి 7 జతలు. అందుకే కీరా పుప్పొడి దోసపువ్వు మీద పడినా గింజ కట్టదు. పక్క చేన్లో ఖర్బూజా ఉంటే మాత్రం సుబ్బరంగా కలిసిపోతాది. నక్కదోస, చెనిక్కాయ చేన్లలో తనంతట తానే మొలిచే బుడంకాయ, పండితే నిలువునా పగిలి పిండిపిండిగా అయ్యే దోసపండు, అన్నీ ఆ ఇంటివే. దోస పెట్టేవాడు దాన్ని పండుతోటలాగా చూసుకోవాల. నీళ్ళు, కోత, వంట అన్నిట్లోనూ ఇదే లెక్క.

దీని పుట్టుక కూడా మనదే. 2018లో జన్యువులు పరీక్షించి తేల్చినారు: ఈ జాతిని మనిషి మచ్చిక చేసుకున్నది ఒకసారి కాదు, ఆఫ్రికాలో విడిగా, ఆసియాలో విడిగా. ఆసియా వంశం మూలం మన ఉపఖండంలోని అడవి రకాలే. ఇంత ఉన్నా బాబరు మాత్రం 1526లో ఢిల్లీ గెలిచినాక ఈ దేశంలో మంచి ఖర్బూజాలే లేవని వాపోయినాడు. కాబూలు నించి తెచ్చిన పండు కోస్తా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడంట. పాపం, ఆయనకి దోసకాయ పప్పు పెట్టినోళ్ళు లేరు.

తీపి లేదని చిన్నచూపు చూసిన మన రకాలే తర్వాత అందరికీ అక్కరకొచ్చినాయి. 1925లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో బూడిద తెగులు వచ్చి ఖర్బూజా తోటలు దెబ్బతినినాయి. దాన్ని తట్టుకునే గుణం మన దేశం నించి పోయిన విత్తనంలో దొరికింది. దాంతో తయారైందే 1936లో విడుదలైన పి.ఎం.ఆర్. 45 అనే ఖర్బూజా రకం. ఆ వరసలోనిదే పి.ఎం.ఆర్. 6ని మళ్ళీ ఇక్కడికి తెచ్చి ఉత్తరాది కుటానా రకంతో కలిపితే పూసా శర్బతి అనే ఖర్బూజా రకం వచ్చింది. మన సొమ్ము అమెరికా చుట్టొచ్చి ఢిల్లీలో దిగిందన్నమాట.

రకాల సంగతి తొందరగా చెప్పేస్తా. కూరదోసలో ఆర్.ఎన్.ఎస్.ఎం. 1, ఆర్.ఎన్.ఎస్.ఎం. 3 ఉండాయి. నాటువాటిలో నిమ్మపండు రంగు గుండ్రటివి, ఆకుపచ్చ చారల కోలకాయలు వస్తాయి. ఆవకాయకి గుండ్రటిదే మేలు, కండ గట్టిగా ఉంటాది. ఓ రెండు సాళ్ళు ఖర్బూజా కూడా పెట్టాలనుంటే అర్కా జీత్ చిన్న పండు, అర కిలో దాటదు గానీ తీపి బో బాగుంటాది. అర్కా రాజహంస కిలో పైన తూగుతాది. లోపల ఆకుపచ్చ కండ కావాలంటే హరా మధు.

ఇప్పుడు పని. మీ ఎర్ర ఇసుక నేల దీనికి అచ్చొస్తాది, నీళ్ళు నిలవకపోతే చాలు. సంక్రాంతి దాటినాక మొదలుపెట్టి ఫిబ్రవరి లోపల గింజ పడాల. ఆలస్యమైతే పూత సరిగ్గా ముదురు ఎండల్లో పడి, మగపూలు విరగబూసి పిందె నిలవదు. సాలుకీ సాలుకీ 2 మీటర్లు, పాదుకీ పాదుకీ 60 సెంటీమీటర్లు. అట్లా అర ఎకరాకి 1,600 పైచిలుకు పాదులు పడతాయి. పావు కిలో విత్తనం తెచ్చుకో, మొలవని చోట మళ్ళీ పెట్టేదానికి కొంత మిగుల్తాది. పాదుకి రెండు గుప్పిళ్ళు మాగిన పశువుల ఎరువు వెయ్యి. పచ్చి పేడ వేస్తే చెద వస్తాది. గింజల్ని రాత్రి నానబెట్టి, పాదుకి నాలుగేసి, రెండు సెంటీమీటర్ల లోతున పెట్టు. వారంలో మొలుస్తాయి. మూడో ఆకు వచ్చినాక బలమైనవి రెండు ఉంచి తక్కినవి గిల్లేయి. పీకితే పక్కదాని వేరు కదులుతాది.

తొలి పదిరోజులూ ఎర్ర పెంకుపురుగుతో జాగ్రత్త. రెండాకుల మీద వాలి జల్లెడ చేస్తాది. పొద్దున మంచు ఉండగానే జల్లెడపట్టిన కట్టెబూడిద చల్లు. మొక్కకి నాలుగైదు ఆకులు రాగానే తల తుంచేయి. తుంచకపోతే తీగ బారెడు సాగుతాది, కాయ ఉండదు. కాయ కట్టే పూలు పక్కకొమ్మల మీదే ఎక్కువ.

ఆ పువ్వు ఒకటి తెంపి చూడు. కింద బుల్లి పిందె ఉంటాది, అయినా మధ్యలో కేసరాలు కూడా ఉంటాయి చానా రకాల్లో. తన పుప్పొడి తన దగ్గరే ఉన్నా అది బరువుగా, జిగటగా ఉండి గాలికి కదలదు. తేనెటీగ రావాల్సిందే. పువ్వు విచ్చేది పొద్దున, పని అయిపోయేది ఎండ ముదిరేలోగా. ఆ వేళ మందు కొట్టినావంటే తేనెటీగలు చస్తాయి, పిందె పసుపుబారి రాలిపోతాది. ఏ మందైనా సాయంత్రం నాలుగు దాటినాకే. బూడిద తెగులు వచ్చిందని గంధకం మాత్రం కొట్టొద్దు. మిరపకి పనికొస్తాది గానీ ఈ జాతి ఆకు దానికి మాడిపోతాది.

అసలు శత్రువు పండు ఈగ. పిందె మీద జిగురు చుక్క కనిపించిందంటే ఆడ పొడిచి గుడ్లు పెట్టిందని లెక్క. ఆ కాయ ఒక పక్క గుంజుకుని వంకర తిరుగుతాది, లోపలంతా పురుగే. చేన్లోనే పారేస్తే పురుగు మట్టిలోకి దిగి గూడు కట్టుకునే కోశస్థ దశకి పోయి మళ్ళీ ఈగై వస్తాది. ఏరి రెండడుగుల లోతున పూడ్చు, లేదంటే ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి ఎండలో పడెయ్. క్యూలూర్ అనే ఎర మందు పెట్టిన బుట్టలు కట్టు, కానీ వాటిలో పడేవి మగ ఈగలే అని గుర్తుపెట్టుకో. బుట్టలు కట్టినామని ఏరడం మానేసే వాళ్ళ చేలే ఎక్కువ పోతాయి.

నీళ్ళు కాలవలో పారాల, తీగ మెరక మీద పాకాల, కాయ కింద ఎండుగడ్డి ఉండాల. వారం ఎండగట్టి ఒక్కసారి నిండా పారిస్తే కాయ పగుల్తాది. బెట్టకి చేదు కూడా ఎక్కువవుతాది. ఆ చేదు ఉడికించినా పోదురా. అది కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం, వేడికి చెక్కుచెదరదు, మోతాదు మించితే వాంతులు, విరేచనాలు. అందుకే కోసిన ప్రతి కాయలో ఓ ముక్క నాలిక మీద పెట్టి చూసినాకే కుండలో వెయ్యమని చెల్లెమ్మకి చెప్పు. పక్కచేను ఖర్బూజా పుప్పొడితో కాయ చేదెక్కిందంటారు కొందరు, అది ఉత్తమాట. ఆ కలయిక కనబడేది ఈ కాయలో కాదు, దీని గింజ నాటితే వచ్చే ఏడు కాసే కాయలో.

కోత ఒక్కటే తెలివిగా చేసుకోవాల. సగం పచ్చ సగం పసుపు ఉన్నప్పుడు కోసింది పప్పుకి, పచ్చిపచ్చడికి. నిండు పసుపు తిరిగి, గోరు దిగనంత గట్టిగా ఉన్నది ఆవకాయకి. ఊపితే గింజలు లోపల కదిలినట్టు వినిపిస్తే ముదిరిపోయింది, విత్తనానికి ఉంచు. ఖర్బూజా అయితే తొడిమ చుట్టూ సన్నటి చీలిక తిరిగి, బొటనవేలితో ఒత్తితేనే ఊడి రావాల. శివాలయంలో చదివే మృత్యుంజయ మంత్రంలో "ఉర్వారుకమివ బంధనాత్", అంటే పండిన దోసపండు తొడిమ వీడినట్టు అనేది ఈ పద్ధతే. ముందే కోసి గడ్డిలో మాగేస్తే వాసన వస్తాది, మెత్తబడతాది గానీ తీపి పెరగదు. చక్కెరగా మారేదానికి మామిడిలో మాదిరి దాంట్లో పిండిపదార్థం నిల్వ ఉండదు.

ఆవకాయ కొలత రాసుకో. చెక్కు తీయకుండా, గింజ తీసి, తడిలేకుండా తుడిచిన ముక్కలు కిలో. కారం 100 గ్రాములు, ఆవపిండి 100 గ్రాములు, ఉప్పు 90 గ్రాములు, మెంతిపిండి అర చెంచా, నువ్వుల నూనె 200 మిల్లీలీటర్లు. ఆవాలు ఎండబెట్టి, మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పాల. నూనె కాచి పోయొద్దు. ఆవపిండి ఘాటు ముక్కలోని నీళ్ళు తగిలినాకే పుడతాది, మరిగే నూనె పోస్తే అది పుట్టకముందే చస్తాది. మర్నాటికే తినొచ్చు. మామిడి ఆవకాయలాగా ఏడాది నిలవదు, ముక్కలో నీళ్ళెక్కువ. వారం పదిరోజులు బయట, తర్వాత ఫ్రిజ్జులో. పప్పుకైతే కందిపప్పు ముందే మెత్తగా ఉడికించుకుని తర్వాత దోసముక్కలు కలపాల. పులుపు ముందే తగిలితే పప్పు బిరుసెక్కుతాది. కాయే పుల్లగా ఉంటే చింతపండు వద్దు. సంగటిలోకి ఆ పప్పు ఉంటే ఇంకేం కావాలరా.

మిగిలిన కాయల్ని గాలాడే చోట, ఒకదానికొకటి తగలకుండా పెట్టు, వారాల తరబడి ఉంటాయి. మంగళూరు పక్క ఇళ్ళల్లో తాళ్ళతో కట్టి దూలాలకి వేలాడదీస్తారు.

విత్తనం నిలుపుకోవాలంటే మొదటి కోతల్లోని మంచి పాదు ఎంచుకుని, సాయంత్రం పూట రేపు విచ్చే మొగ్గల మూతికి దారం కట్టు. పిందె ఉన్నది ఒకటి, అదే పాదు మగపువ్వు ఒకటి. పొద్దున విప్పి, మగపువ్వు రేకులు తీసేసి పిందె ఉన్న పువ్వు మధ్యలో రుద్ది, మళ్ళీ కట్టేసి, కాయకి గుర్తుగా గుడ్డపేలిక చుట్టు. పండినాక గింజల్ని గుజ్జుతోనే ఒకటిన్నర రోజు పులియనిచ్చి కడుగు. మునిగినవి ఉంచుకో, తేలినవి పారెయ్. నీడలో ఆరబెట్టాల.

మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, మంచివేనా? అది రాయలేదు నువ్వు. ఉప్పగా ఉంటే సగానికే పెట్టు, మొలకప్పుడే తేడా తెలుస్తాది. జవాబు రాస్తే ఏ విత్తనం తేవాలో చెప్తా.

ఇట్లు,
నీ రమణ