మా స్కాన్ సెంటర్ సర్వర్‌ని నిలబెట్టిన అన్నయ్యకి కృతజ్ఞతలు

అన్నయ్యా, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, కానీ ఈ థాంక్స్ మాత్రం నలుగురి ముందే చెప్పాలనిపించింది.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక స్కాన్ సెంటర్లో కంప్యూటర్లు చూసుకుంటా. సీటీ, ఎమ్మారై ఇమేజెస్ అన్నీ లినక్స్ సర్వర్ నుంచి ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్క్ వాడుకునే పద్ధతి) మీద నాస్ బాక్స్‌లోకి (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె) వెళ్తాయి. శుక్రవారం డిస్క్ నిండిపోయింది. నాస్‌లో లన్ (సర్వర్‌కి ఒక డిస్క్‌లా కనపడే భాగం) సైజు 2 టీబీ నుంచి 6 టీబీకి పెంచా, సర్వర్లో చూస్తే అదే 2 టీబీ. రీబూట్ చేసినా అంతే. నాస్ సపోర్ట్ వాళ్ళకి ఫోన్ చేస్తే మా వైపు అంతా బానే ఉందండి అన్నారు, ఇంకొకాయన ఫార్మాట్ కొట్టి కొత్తగా పెట్టుకోమన్నారు, అందులో ఎన్నేళ్ళ పేషెంట్ల స్కాన్లు ఉన్నాయో, పాతదాంతో పోల్చి చూడందే మా డాక్టరు గారు రిపోర్ట్ ఇవ్వరు, ఎలా కొడతాను? ఆ రాత్రి నిద్రే పట్టలా.

అన్నయ్య ఫోన్లో ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కుల లిస్ట్ చూపించే కమాండ్) కొట్టి చదవమన్నారు. డిస్క్ 6టీ, దాని కింద పార్టిషన్ (డిస్క్‌లో వాడుకోడానికి గీసుకున్న భాగం) మాత్రం 2టీ. తర్వాత పార్టెడ్ అనే టూల్‌లో ప్రింట్ కొడితే పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసుండే పట్టిక) ఎమ్మెస్‌డాస్ అని వచ్చింది. "అదేనమ్మా, దొరికింది" అన్నారు. ఎమ్మెస్‌డాస్ అంటే పాత ఎంబీఆర్ టేబులే, అందులో సెక్టార్ (డిస్క్‌లో ఒక చిన్న గడి) నంబరుకి 32 బిట్లే చోటంట, సెక్టారుకి 512 బైట్లు, గుణిస్తే సరిగ్గా 2 టీబీ దగ్గర అయిపోద్ది. "మీ రిజిస్టర్లో టోకెన్‌కి నాలుగే గళ్ళుంటే 9999 తర్వాత వచ్చినాయన్ని ఎక్కడ రాస్తావు?" అని అడిగారు, అప్పుడు నాకు వెలిగింది.

బ్యాకప్ లేకుండా చెయ్యి పెట్టనన్నారు. ఆదివారం పొద్దున్నే తన 4 టీబీ డిస్క్ సంచిలో వేసుకుని విజయవాడ నుంచి బస్సెక్కి వారధి దాటి వచ్చేశారు! కాపీకే ఆరు గంటలు పట్టింది, అయ్యాక నాలుగు పాత స్కాన్లు తెరిపించి చూశాకే సర్వర్లో ఆ డిస్క్‌ని అన్‌మౌంట్ చేయమన్నారు (వాడకం నుంచి విడదీయమని). పార్టిషన్ మొదలయ్యే సెక్టారు 2048 అని ఫిల్మ్ కవరు మీద నా చేత రాయించారు, అది మారితే డేటా కనపడదంట. ఎస్‌జీడిస్క్ అనే టూల్‌తో టేబుల్‌ని జీపీటీకి (ఈ 2 టీబీ హద్దు లేని కొత్త రకం) మార్చి, అదే 2048 నుంచి చివరిదాకా పార్టిషన్ పెంచి, ఎఫ్‌ఎస్‌సీకేతో ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళు సర్దిపెట్టే పద్ధతి) బానే ఉందా అని చూసి, రీసైజ్2ఎఫ్ఎస్‌తో దాన్ని కొత్త సైజుకి పెంచారు. మళ్ళీ మౌంట్ చేసి డీఎఫ్ (డిస్క్ ఎంతుందో చూపించే కమాండ్) చూస్తే 5.9టీ. ఒక్క ఫైలు పోలేదన్నయ్యా, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వెళ్ళేముందు ఇంకోటి కూడా చూశారు, మేం వాడే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో 64బిట్ ఫీచర్ లేకపోతే 4కే (4 కేబీ) బ్లాకులతో 16 టీబీ దగ్గర మళ్ళీ ఇలాగే ఆగుద్దంట, మాదాంట్లో ఉందని చూసి మరీ బస్సెక్కారు. ఇలాంటి సెటప్ ఉన్నోళ్ళు లన్ పెంచకముందే మీ టేబుల్ ఏంటో చూసుకోండి.

డబ్బులిస్తే తీసుకోలేదు, బస్ చార్జీ కూడా. వచ్చే ఆదివారం వదినని, పిల్లల్ని తీసుకుని భోజనానికి రావాలి అన్నయ్యా, మా అమ్మ ఇప్పటికే గోంగూర పచ్చడి జాడీ మీ కోసం పక్కన పెట్టేసింది. మీ డిస్క్ కూడా అప్పుడే ఇస్తా.