హోటల్ హాల్లో దుబాయి ఫ్లాట్లు: రూల్స్ చెప్పాల్సింది ఎవరు?

సంపాదకుడు గారికి,

పది రోజుల కింద మీ జిల్లా అనుబంధం మూడో పేజీలో వచ్చిన కథనం గురించి ఈ లేఖ. అప్పుడే రాయాల్సింది, ఇంట్లో గొడవ తేలేదాకా చేయి ఆడలేదు. వరంగల్ వాసులకు దుబాయిలో సొంతిల్లు అని పెద్ద అక్షరాలు, సముద్రం పక్కన భవనాల ఫొటో, ఎదురు పేజీ నిండా అదే కంపెనీ ప్రకటన. రాసిన విలేకరి పేరు లేదు. అది వార్తో ప్రకటనో తెలిసేలా ఒక్క ముక్క లేదు. మా ఇంటికి 31 ఏళ్లుగా మీ పేపరే వస్తోంది. అందులో అచ్చయిందంటే మావాళ్లకు అది నిజమే. మా బావమరిది ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని ఆదివారం హన్మకొండలో ఆ కంపెనీ ఫ్లాట్లు అమ్ముతున్న హోటల్‌కు పోయాడు.

ఆయన సింగరేణిలో 34 ఏళ్లు పనిచేసి నిరుడు రిటైరయ్యాడు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బులు బ్యాంకులో ఉన్నాయి. సాయంత్రానికి లక్ష రూపాయలు టోకెన్ కట్టి, రసీదు పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. "బావా, నెలకు ఒక్క శాతం కడితే చాలట. ఎల్‌ఆర్‌ఎస్ కూడా ఉందట, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని. ఆ మాట వినగానే నాకు గుండె జారింది. మన దగ్గర ఎల్‌ఆర్‌ఎస్ అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. ప్రభుత్వం ముద్ర ఉన్న ప్లాటు అన్నట్టుగా ఆయన అర్థం చేసుకున్నాడు. వాళ్లు చెప్పింది రిజర్వు బ్యాంకు వాళ్ల ఎల్‌ఆర్‌ఎస్. ఇక్కడ ఉండేవాళ్లు విదేశాలకు డబ్బు పంపే పథకం అది. 2004లో 25 వేల డాలర్లతో మొదలై, 2015 నుంచి మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు అనుమతిస్తోంది. ఎంత పంపవచ్చో చెప్పే రూలు అది, ఫ్లాటు మంచిదో చెడ్డదో చూసి ఇచ్చే అనుమతి కాదు. పేరు ఒకటే కావడంతో మనుషులు పొరబడుతున్నారని ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లాం. అద్దాల పెట్టెల్లో భవనాల నమూనాలు, లోపల చిన్న చిన్న లైట్లు. మావాడికి చూపించిన స్టూడియో ఫ్లాటు ఆరు లక్షల దిర్హాములు. దిర్హాం 24 రూపాయల లెక్కన కోటీ 44 లక్షలు. వాళ్లు ఒక్క శాతం అన్నది ఈ మొత్తంలో. అంటే నెలకు లక్షా 44 వేలు. బుకింగ్‌కు పది శాతం, 14 లక్షల 40 వేలు. దుబాయి భూముల శాఖకు రిజిస్ట్రేషన్ ఫీజు నాలుగు శాతం, ఐదు లక్షల 76 వేలు. ఇవి విడివిడిగా రాసిన కాగితం ఉందా అంటే బ్రోషర్ ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. రసీదు మీద టోకెన్ తిరిగి ఇవ్వబడదు అన్న లైను కూడా ఇంగ్లీషులోనే, భూతద్దం పెడితే గానీ కనిపించనంత సన్నగా ఉంది.

ఇంకో సంగతి. దుబాయిలో 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం, కట్టకముందే అమ్మే ప్రాజెక్టుకు ఎస్క్రో ఖాతా, అంటే ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన విడి ఖాతా ఉండాలి, కొన్నవాళ్ల డబ్బు అందులోనే పడాలి. మావాడి లక్ష పడింది హైదరాబాద్‌లోని ఒక ఖాతాలో, ఫోన్‌తో స్కాన్ చేసి కట్టాడు. అక్కడ బ్రోకరుకు రెరా, అంటే వాళ్ల రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే కార్డు తప్పనిసరి. అది చూపించు నాయనా అంటే ఆ అబ్బాయి తన విజిటింగ్ కార్డు చేతిలో పెట్టాడు.

ఇక మీ కథనం. ఫ్లాటు కొంటే గోల్డెన్ వీసా అని రాశారు. పదేళ్లు అక్కడ ఉండనిచ్చే ఆ వీసాకు ఆస్తి విలువ 20 లక్షల దిర్హాములు ఉండాలి. ఆరు లక్షల స్టూడియోకు అది రాదు. ట్యాక్స్ లేదని రాశారు. లేనిది అక్కడ. ఇక్కడ నివసించేవాడికి దుబాయి అద్దె కూడా ఆదాయమే, రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో ఆ ఫ్లాటు చూపించాలి. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడవచ్చు. ఎవరైనా ఎక్కడైనా కొనొచ్చని రాశారు. 2002 నుంచి విదేశీయులకు సొంత హక్కుతో అమ్ముతున్నమాట నిజమే, అయితే ప్రకటించిన ఫ్రీహోల్డ్ ప్రాంతాల్లోనే. మెరీనా, పామ్ జుమేరా లాంటివి అలాంటివే. దుబాయి అంతా అలా కాదు.

అసలు దెబ్బ టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి కొనుగోళ్లకు ఏడాదిలో పది లక్షలు దాటి పంపే డబ్బు మీద బ్యాంకు 20 శాతం ముందే వసూలు చేస్తుంది. బుకింగుకు, ఏడాది వాయిదాలకు కలిపి మావాడు సుమారు 32 లక్షలు పంపాలి. పది తీసేస్తే మిగిలిన 22 మీద దాదాపు నాలుగు లక్షల 40 వేలు పక్కన పెట్టుకోవాలి. రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది. కానీ రిటైరైనవాడు అంత డబ్బు నెలల తరబడి ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? ఇది తెలుసుకుందామని బ్యాంకుకు పోతే కౌంటర్‌లోని అమ్మాయికి విదేశాలకు డబ్బు పంపేందుకు నింపే ఫారం ఏ-2 ఎక్కడుందో తెలియలేదు. మేం పనిచేసిన రోజుల్లో కస్టమర్‌ను అలా నిలబెట్టేవాళ్లం కాదు.

మావాళ్లు దుబాయి దాకా ఎందుకు చూస్తున్నారో కూడా చెప్పాలి. ఇక్కడ ప్లాటు కొంటే చెరువు శిఖమా, నాలా పక్కనా అన్న భయం. 2020 ఆగస్టు వరదలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లు ఎలా మునిగాయో అందరం చూశాం. భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా మా పెద్దనాన్న కొడుకు ఇంకా తన పాసుబుక్కులో తప్పు దిద్దించుకోవడానికి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. కాగితాలు సరిగా ఉంటే మనోళ్లకు ఊళ్లో భూమి కన్నా ఇంకేం కావాలి?

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి పోయినవాళ్లు ఆ ఎడారిలో సెంట్రింగ్ కొట్టి, రాడ్లు వంచి ఆ బిల్డింగులు లేపారు. వాళ్లను పంపే ఏజెంటు రిజిస్టర్ అయి ఉండాలని 1983 వలస చట్టం చెబుతోంది. అదే బిల్డింగులో కోటిన్నర ఫ్లాటు ఇక్కడ అమ్ముతుంటే మాత్రం ఒక్క అధికారి ఆ హాల్లోకి తొంగి చూడలేదు. మన రెరా రాష్ట్రంలోని ప్రాజెక్టులను చూస్తుంది, దుబాయి ఫ్లాటు దాని కిందికి రాదు. మరి అడగాల్సింది కలెక్టరా, పోలీసులా, రిజర్వు బ్యాంకా? మేం మూడు చోట్లకు తిరిగాం. ప్రతి చోటా పక్క ఆఫీసు పేరు చెప్పారు.

టోకెన్ లక్ష ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే సార్ మీటింగులో ఉన్నారంటున్నారు. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈ వివరాలు అదే మూడో పేజీలో, అదే సైజు అక్షరాల్లో, తెలుగులో వేయండి. వచ్చే నెల కరీంనగర్‌లో మేళా పెడుతున్నామని మా రసీదు వెనకే అచ్చు వేశారు. ఆలోపే వేయండి.

మీ పాఠకుడు,
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
హన్మకొండ